బంగారు పూలు చెదరకుండా పాత కుట్టు మిషన్‌ను శుభ్రం చేసి మెరుగు పెట్టడం

2020 వానాకాలంలో, లాక్‌డౌన్ కాస్త సడలిన రోజుల్లో, ఇంట్లో ఊరికే కూర్చోలేక హన్మకొండలోని మా ఇంటి అటక మీంచి బాపమ్మ కుట్టు మిషన్‌ను కిందికి దించాను. నల్లటి సింగర్. ఒంటి మీద సింహం ఒళ్ళు, మనిషి తల ఉన్న బంగారు బొమ్మ. దుమ్ము, పాత నూనె, ఏటా దసరాకు పెట్టిన పసుపు కుంకుమ అన్నీ కలిసి దాని మీద బెల్లం పాకంలాంటి పొర కట్టి ఉంది. ఆ రోజుల్లో ప్రతి గుమ్మం దగ్గరా శానిటైజర్ సీసా ఉండేది కదా, దూదికి కాస్త అద్ది తుడిచాను. మురికి చక్కగా పోయింది. రెండోసారి తుడిచేసరికి బంగారు బొమ్మ తల కూడా దూదితోపాటు వచ్చేసింది.

తల లేని ఆ బొమ్మతోనే మిషన్ ఇప్పటికీ మా హాల్లో ఉంది. ఆ తర్వాత చుట్టాలవీ స్నేహితులవీ కలిపి ఐదారు మిషన్లు బాగుచేశాను, ఒక్క పువ్వు కూడా పోలేదు. నా తప్పుల నుంచి కొంత, హన్మకొండలో ఒక పాత మెకానిక్ దగ్గర కూర్చుని కొంత నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆ నలుపు మీద ఏముంది?

పాత మిషన్లకు వేసిన నలుపు మామూలు పెయింట్ కాదు. తారు జాతి పదార్థాన్ని నూనెలో కలిపి, ఇనుము మీద పూసి, బట్టీలో కాల్చి గట్టిపరిచిన పూత అది. దాని మీద బంగారు పూలు, బొమ్మలు, కంపెనీ పేరు అచ్చు కాగితం నుంచి దించి అతికించేవారు. వాటిని కాపాడడానికి పైన పల్చగా లక్కగానీ వార్నిష్‌గానీ పూసేవారు. మన చేతికి తగిలేది ఆ పై పొర. వందేళ్ళలో అది పసుపుపచ్చగా మారుతుంది, అక్కడక్కడా అరిగిపోతుంది.

లక్క పాలిష్ వడ్రంగులు ఎలా తయారుచేస్తారో చూశారా? లక్క పెచ్చులను స్పిరిట్‌లో నానబెట్టి కరిగిస్తారు. అంటే ఆరిపోయిన లక్కకు స్పిరిట్ తగిలితే మళ్ళీ కరుగుతుంది. స్పిరిట్ అంటే ఆల్కహాలే, శానిటైజర్‌లో ఉండేదీ అదే. నా బొమ్మ తల అలా పోయింది.

కాబట్టి రంగు ఉన్న చోటికి రాకూడనివి ఇవి: శానిటైజర్, స్పిరిట్, థిన్నర్, పెట్రోలు, గోళ్ళరంగు తీసే ద్రవం, అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రవాలు. గిన్నెలు తోమే పొడి, టూత్‌పేస్టు, కారు గీతలు తీసే రబ్బింగ్ కాంపౌండ్ కూడా వద్దు. వీటిలో సన్నటి గరుకు ఉంటుంది, పూలు అరిగిపోతాయి. టూత్‌పేస్టుతో తళతళలాడించే వీడియోలు చాలానే ఉన్నాయి. వాటిలో బంగారు పూల దగ్గర కెమెరా ఎంతసేపు ఆగిందో గమనించండి. నీళ్ళు కూడా తక్కువే వాడాలి, తడి నిలిస్తే లక్క తెల్లగా పొగబారుతుంది.

కిరసనాయిలు సంగతి వేరు. మన దర్జీలంతా దాంతోనే కడుగుతారు, లోపలి ఇనుప భాగాలకు అది మంచి మందే. బంగారు బొమ్మల మీదికి మాత్రం రానివ్వకండి.

మీ దగ్గరున్నది ఏ మిషన్?

సింగర్ అయితే అడుగు పీట మీద కుడివైపు చిన్న చదును భాగంలో ఒక అంకె ఉంటుంది. 1900కు ముందు వచ్చిన వాటికి ఉత్తి అంకెలే, ఆ తర్వాతి వాటికి ముందు ఒకటో రెండో ఇంగ్లిష్ అక్షరాలు. ఆ సంఖ్యను బట్టి ఏ ఏడు తయారైందో జాబితాల్లో చూసుకోవచ్చు. మోడల్ సంఖ్య పక్కన 'కె' ఉంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఉష అయితే మన దేశపుదే. 1930ల్లో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ మొదలుపెట్టింది. ఇతర దేశీ మిషన్లు ఎక్కువగా లూధియానావి. తర్వాతి కాలపు దేశీ మిషన్లకు మామూలు ఎనామిల్ రంగు, పైన స్టిక్కర్ పూలు ఉంటాయి. కొన్నిటికి ఆ స్టిక్కర్ మీద కాపుదల పొర ఉండదు, అవి సింగర్ కంటే తొందరగా పోతాయి.

పాత సింగర్‌లో రెడ్ మెర్క్యురీ అనే అరుదైన పదార్థం ఉంటుందని, లక్షలు పలుకుతుందని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. 2009లో సౌదీ అరేబియాలో ఈ పుకారు పుట్టి జనం పాత మిషన్ల కోసం ఎగబడ్డారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఎందరో, కాబట్టి ఆ మాట మన దాకా రాకుండా ఉంటుందా? శుద్ధ అబద్ధం. సూది కడ్డీలో ఇనుము తప్ప ఏమీ లేదు, దాన్ని కోసి చూడకండి.

కావలసినవి

కుట్టు మిషన్ నూనె ఒక సీసా. నీళ్ళలా తెల్లగా ఉండాలి, పచ్చగా ఉంటే వద్దు. పాత కాటన్ బనియన్ ముక్కలు, దూది, ఇయర్‌బడ్స్, రెండు పాత టూత్‌బ్రష్‌లు, పళ్ళలో కుట్టుకునే చెక్క పుల్లలు, కొంచెం కిరసనాయిలు, మూత ఉన్న గాజు సీసా. అన్నిటికంటే ముఖ్యం మరకు (స్క్రూకు) సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్లు. పాత మరల గాడి సన్నగా, లోతుగా ఉంటుంది. సైజు కుదరని స్క్రూడ్రైవర్ జారిందంటే మర తల చెడుతుంది, పక్కనున్న రంగు మీద గీత పడుతుంది. వరంగల్‌లో అయితే పోచమ్మ మైదాన్‌లోనో స్టేషన్ రోడ్డులోనో పనిముట్ల కొట్లో సన్నటి మొన ఉన్నవి రెండు మూడు సైజులు కొనుక్కోండి.

విప్పిన మరలు పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో ఐసు ట్రే తీసుకోండి. మొదటి గడిలో మొదట విప్పినది, రెండో గడిలో రెండోది. బిగించేటప్పుడు చివరి గడి నుంచి వెనక్కి వస్తే చాలు. ప్రతి భాగం విప్పకముందు ఫోనుతో ఫొటో తీయండి. రెండు వైపుల నుంచి తీస్తే ఇంకా మంచిది.

మొదటి రోజు: నూనె పోయండి, తిప్పకండి

అటక మీంచి దించగానే ఎవరైనా ముందు చక్రం తిప్పి చూస్తారు. కదలకపోతే బలంగా తిప్పుతారు. వద్దు. ముందు సూది తీసి ఒక కవర్లో దాచండి, తర్వాత సైజు పోల్చుకోవడానికి పనికొస్తుంది. మోటారు బిగించి ఉంటే ప్లగ్గు తీసేయండి. పాత వైరు పెళుసుబారి ఉంటే మార్చేదాకా కరెంటు పెట్టవద్దు.

మిషన్ బిగుసుకుపోవడానికి తుప్పు కంటే ఎక్కువసార్లు కారణం నూనే. ఇంట్లో మిషన్ నూనె అయిపోతే కొబ్బరినూనె పోయడం మనకు అలవాటు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మన చలికాలపు పొద్దున అది చాలు. ఏళ్ళు గడిచేకొద్దీ మురికి పట్టి జిగురవుతుంది. ఆముదం అయితే ఇంకా ఘోరం. పైన గుండ్రటి చిన్న రంధ్రాలు, పక్కన ఇనుము ఇనుముతో రాసుకునే చోట్లు, అడుగున తిరిగే కడ్డీల చివరలు అన్నిటికీ రెండు మూడు చుక్కల మిషన్ నూనె వేసి వదిలేయండి. నేను మొదటిసారి కంగారుపడుతుంటే ఆ మెకానిక్ అన్న మాట: "తమ్మీ, నూనె పోసి పండుకో. పొద్దుగాల అదే తిరుగుతది."

పొద్దున తిరగలేదు. మూడో రోజు తిరిగింది.

అప్పటికీ కదలకపోతే వెచ్చదనం సాయం చేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ ఉంటే జిగురు ఉన్నచోట ఐదు నిమిషాలు పట్టి మళ్ళీ నూనె వేయండి. లేకపోతే ఎండాకాలంలో మన ఎండ ఉండనే ఉంది. హెడ్డు, అంటే బల్ల మీద ఉండే మిషన్ మాత్రం విప్పి, పాత దుప్పటి కప్పి అరగంట ఎండలో ఉంచితే చాలు. చెక్క బల్లను మాత్రం ఎండలో పెట్టకండి, పైన అతికించిన పల్చటి చెక్క పొర లేచిపోతుంది. చక్రం ఒక వైపు కొంచెం కదిలి టక్కున ఆగితే జిగురు కాదు, సూది కింద దారం కండెను (బాబిన్‌ను) పట్టుకుని ఆడే షటిల్ దగ్గర దారం ఇరుక్కుంది. అక్కడా లేకపోతే చక్రం వెనక ఇరుసుకు చుట్టుకుని ఉంటుంది. నేను చేసిన ఒక మిషన్‌లో చక్రం వెనక నుంచి మూరెడు ఎర్ర దారం వచ్చింది.

రెండో రోజు: లోపలి మురికి

సూది ప్లేటు విప్పండి. కింద కనిపించే పళ్ళ మధ్య దూదీ నూనే కలిసి గట్టిపడి చాపలా అయి ఉంటుంది. చెక్క పుల్లతో గీకి, టూత్‌బ్రష్‌కు కిరసనాయిలు అద్ది తోమండి. గుడ్డను అదిమిపట్టే పాదం, సూది ప్లేటు, జారే మూత, బాబిన్ కూర్చునే కేసు, షటిల్, మరలు అన్నిటినీ గాజు సీసాలో కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టవచ్చు. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని పెట్టుకోకండి, కిటికీలు తెరిచి ఉంచండి. తీశాక పొడిగా తుడిచి వెంటనే నూనె రాయాలి. కిరసనాయిలు ఉన్న జిడ్డంతా లాగేస్తుంది కాబట్టి ఉత్త ఇనుమును అలా వదిలితే వానాకాలంలో రెండు రోజుల్లోనే తుప్పు పడుతుంది.

బాబిన్ కేసు పక్కన పల్చటి స్ప్రింగు రేకు ఉంటుంది. దారం బిగువు అదే నిర్ణయిస్తుంది. దాని కింద చిక్కుకున్న దూదిని తీయడానికి పెళ్ళి శుభలేఖ మూలను దూర్చి లాగితే చాలు. ఆ చిన్న మరను కదపకండి. కదపక తప్పకపోతే ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి.

ఇక టెన్షన్. పై దారాన్ని బిగించే ఆ చిన్న గుండీ దగ్గరే చాలామందికి నిజంగా టెన్షన్ మొదలవుతుంది. విప్పక్కర్లేకుండా పని జరుగుతుందేమో ముందు చూడండి. పాదం పైకి ఎత్తితే చాలా మోడళ్ళలో రెండు బిళ్ళలు వదులవుతాయి. మిషన్ నూనెలో తడిపిన కాటన్ పీలికను వాటి మధ్య పెట్టి రంపంలా అటూ ఇటూ లాగండి, తర్వాత పొడి పీలికతో నూనెంతా పూర్తిగా తీసేయండి. బిళ్ళల మధ్య నూనె మిగిలితే కుట్టే గుడ్డ మీద మరక పడుతుంది. తుప్పు ఉంటేనే విప్పండి. ముందు బిగించే గుండ్రటి నట్టు, దాని వెనక స్ప్రింగు, తర్వాత రెండు బిళ్ళలు. బిళ్ళల ఉబ్బెత్తు వైపులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండాలి. మధ్యలో సన్నటి పిన్ను ఒకటి ఉంటుంది, పాదం ఎత్తినప్పుడు బిళ్ళలను వదులు చేసేది అదే. నేల మీద పడితే దొరకదు, కింద తెల్లటి గుడ్డ పరుచుకోండి.

చక్రం విప్పితే ఇంకో చోట జాగ్రత్త. మధ్యలోని పెద్ద గుండ్రటి మర తీయగానే చెవులున్న ఒక రింగు బయటికి వస్తుంది. దాన్ని తిరిగి పెట్టాక, బాబిన్‌కు దారం చుట్టుకునేటప్పుడు సూది ఆగకపోతేనో, మర బిగించినా చక్రం సూదిని కదపకపోతేనో మీరేం పాడుచేయలేదు. రింగును సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టండి, కుదురుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

ఒంటి మీది మురికి

ఇది తొందరపడకూడని పని. ముందు వెనకవైపు, కింద ఎవరూ చూడని చోట, చిన్న పువ్వు మీద పరీక్ష చేయండి. మిషన్ నూనెలో తడిపిన దూదితో నిమిషం సేపు మెల్లగా రుద్దండి. దూది గోధుమ రంగుకు తిరిగితే అది మురికి, భయం లేదు. నలుపో బంగారమో వస్తే అక్కడితో ఆపి, ఆ మిషన్‌ను పొడిగుడ్డతో తుడవడం వరకే చేయండి.

పరీక్ష నెగ్గాక, జానెడు చోటు జానెడు చోటుగా సాగండి. నూనె పూసి పావుగంట వదిలేసి, దూదితో గుండ్రంగా, ఒత్తకుండా తుడవండి. దూది రంగు మారగానే పారేసి కొత్తది తీసుకోండి, లేకపోతే తీసిన మురికినే మళ్ళీ గరుకులా రుద్దుతారు. ఒక్కరోజులో పోదు. మా చిన్నాన్న వాళ్ళ మిషన్‌కు వారం రోజులు పట్టింది, రోజుకు అరగంట చొప్పున. కుంకుమ మరక చివరిదాకా వేధిస్తుంది. బొట్టు ఎండి గట్టిపడి ఉంటే దాని మీద నూనె దూది పెట్టి రాత్రంతా వదిలి, పొద్దున చెక్క పుల్లతో అంచు నుంచి లేపండి. పసుపు లక్కలోకి ఇంకి ఉంటే పూర్తిగా పోదు, పోనక్కర్లేదు.

బంగారు పూలు ఇప్పటికే వెండిలా తెల్లబడి ఉంటే, ఎవరో ఇంతకుముందే ఏదో ద్రవంతో తుడిచారని అర్థం. దాన్ని తిరిగి బంగారం చేయలేం. కొత్త స్టిక్కర్లు అతికించే సలహా ఇస్తారు, నాకు మాత్రం అది నచ్చదు. గుడ్డ రాసుకుని రాసుకుని పీట ముందు భాగంలో పూలు అరిగిపోయిన మిషన్ అంటే, దాని ముందు ఒక మనిషి ఎన్ని రవికెలు కుట్టిందో కనిపిస్తుంది.

మెరుగు

మురికి పోయాక రంగు చాలావరకు దానంతట అదే మెరుస్తుంది. ఇంకా కావాలంటే, గరుకు లేని కార్నౌబా మైనం (ఒక తాటి జాతి చెట్టు ఆకుల మైనం) మాత్రమే ఉన్న కారు వ్యాక్స్‌ను పల్చగా పూసి, ఆరాక మెత్తటి గుడ్డతో తీయండి. డబ్బా మీద 'క్లీనర్' అనో 'కాంపౌండ్' అనో ఉంటే కొనవద్దు. కారు షోరూంలాంటి మెరుపు కోసం మళ్ళీ మళ్ళీ పూయకండి, ఒకసారి చాలు. పై లక్క పొర పూర్తిగా పోయిన చోట కొత్తగా లక్క పాలిష్ వేసేవాళ్ళు ఉన్నారు. అందులోనూ స్పిరిట్ ఉంటుంది కాబట్టి చేయి తిరిగినవాళ్ళకే అది సాధ్యం. మొదటి మిషన్ మీద మీరు ప్రయత్నించకండి.

మెరిసే ఇనుప భాగాలు వేరు. చక్రం అంచు, ముందు వైపు పూల చెక్కుడు ఉన్న ప్లేటు, సూది ప్లేటు చాలా పాత వాటికి నికెల్ పూత, తర్వాతి వాటికి క్రోమ్. విప్పగలిగిన వాటిని విప్పి, దూరంగా పెట్టి మెటల్ పాలిష్‌తో తోమవచ్చు. పాలిష్‌లలో తరచూ అమ్మోనియా ఉంటుంది కాబట్టి మిషన్ మీద ఉండగా తోమకండి. చక్రం విప్పకపోతే నూనె గుడ్డతో రుద్దితే చాలు. క్రోమ్ మీద చిన్న తుప్పు చుక్కలకు వంటింటి అల్యూమినియం రేకును ఉండలా నలిపి కాస్త నీళ్ళతో రుద్దితే పోతాయి. నికెల్ పెచ్చులు లేస్తుంటే ఆపండి, మిగిలినదీ ఊడుతుంది. చెక్కుడు గాళ్ళలో మిగిలిన తెల్ల పాలిష్‌ను టూత్‌బ్రష్‌తో తీయాలి, లేకపోతే ఎండి పిండిలా కనిపిస్తుంది.

సింగర్ గుర్తు ఉన్న గుండ్రటి బిళ్ళ ఇత్తడిది. పెంబర్తి ఇత్తడి వస్తువులను చింతపండుతో తోమి మెరిపించినట్టు దీన్నీ తోమాలనిపిస్తుంది. ఆ పులుపు చుట్టూ ఉన్న నలుపు మీదికి జారుతుంది. ఇయర్‌బడ్‌కు అమ్మోనియా లేని మెటల్ పాలిష్ చిటికెడు అద్ది, చుట్టూ టేపు పెట్టకుండా (టేపు తీసేటప్పుడు పూలు ఊడుతాయి), చేతిని కుదురుగా పెట్టి బిళ్ళ మధ్యలోనే రుద్దండి. లేదా ఆ మసకతోనే వదిలేయండి, నేను వదిలేస్తాను.

స్టాండు, బల్ల, బెల్టు

పోత ఇనుప స్టాండుకు ఇంత సుకుమారం అక్కర్లేదు. తీగ బ్రష్‌తో తుప్పు గీకి, కిరసనాయిలుతో తుడిచి, నూనె గుడ్డతో రుద్దండి. రంగు మరీ పోయి ఉంటే నల్ల ఎనామిల్ ఒక పూత వేయండి, ఎవరూ తప్పు పట్టరు. తొక్కే పలక ఇరుసులకు, పెద్ద చక్రానికి నూనె వేయండి. తోలు బెల్టుకు నూనె తగలనీయకండి, జారిపోతుంది. సాగి వదులైతే కొంచెం కోసి, రంధ్రం పెట్టి పిన్నుతో మళ్ళీ కలపాలి. బల్లను కాస్త తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చి, మైనం పాలిష్ పూయండి. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరేయండి.

కుట్టి చూడడం

నూనె రంధ్రాలన్నిటిలో ఒక్కో చుక్క వేసి, దారం లేకుండా, పాదం పైకెత్తి, రెండు మూడు నిమిషాలు తొక్కండి. చక్రం పైభాగం మీ వైపుకు తిరగాలి. మొదట నల్లటి నూనె కారుతుంది, తుడుస్తూ ఉండండి. తర్వాత పాత గుడ్డ ముక్క మీద దారం లేకుండానే కొంత కుట్టండి, మిగిలిన నూనెను అది పీల్చుకుంటుంది.

కొత్త సూది కొనేటప్పుడు దాచిన పాతది పట్టుకెళ్ళండి. ఇంటి మిషన్లు చాలావాటికి ఒక పక్క చదునుగా ఉండే మామూలు సూదే సరిపోతుంది, మామూలు కాటన్‌కు 14 లేదా 16 నంబరు. చదును ఏ వైపు ఉండాలో అనుమానం వస్తే సూదికి సరిగ్గా పైనున్న చివరి దారం కొక్కెం చూడండి. కొక్కెం ఉన్న వైపు నుంచి దారం ఎక్కించాలి, చదును దానికి ఎదురు వైపు. కుట్టడం మొదలుపెట్టేటప్పుడు పాదం దించి, రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకుని నాలుగు కుట్లు వేయండి. గుడ్డ కింద దారం ఉండలు కడితే తప్పు పై దారానిది. పాదం ఎత్తి, బిళ్ళల మధ్య దారం సరిగ్గా కూర్చుందో లేదో చూసి మళ్ళీ ఎక్కించండి.

ఇక దసరా. మా అమ్మకు ఆయుధపూజ నాడు మిషన్‌కు బొట్టు పెట్టకపోతే కుదరదు. బేరం కుదుర్చుకున్నాం: పసుపు, కుంకుమ స్టాండు కాలికి, చక్రం ఇనుప అంచుకు మాత్రమే. అగరొత్తులు బల్లకు రెండడుగుల దూరంలో. పోయినేడు పూజ అయ్యాక చూస్తే తల లేని బొమ్మ మీద చిన్న కుంకుమ చుక్క కనిపించింది. అడిగితే, "పాపం, దానికి బొట్టు పెట్టడానికి నుదురు కూడా లేదుర" అంది. ఇంకా తడిగానే ఉంది కాబట్టి నూనె దూదితో వెంటనే తుడిచేశాను.